అలవాటైపోతుందన్నారు

రోడ్డు బైకు ఎక్కిన మనిషి ఆ బండిని ఐదు చోట్ల తాకుతుంది. రెండు అరచేతులు, రెండు పాదాలు, కూర్చునే చోటు. కొన్న కొత్తల్లో నాకు ఆ ఐదు చోట్లా నొప్పే. అవి చాలవన్నట్టు మోకాళ్లు, మెడ, నడుము. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లి విశాఖపట్నం తిరిగొస్తే చాలు, ఎడమచేతి చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్యాహ్నం దాకా స్పర్శ వచ్చేది కాదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని పిన్నీసు పెట్టుకోబోతే అది వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కళ్లతో చూసి తెలుసుకోవాల్సి వచ్చేది. ఎవరికి చెప్పుకున్నా ఒకటే మాట. అలవాటైపోతుంది.

చెప్పినవాళ్లంతా మంచివాళ్లే, నాకంటే చాలా ముందు నుంచి తొక్కుతున్నవాళ్లే. రిషికొండ ఎత్తు మీద నేను వెనకబడితే ఆగి నాకోసం చూసినవాళ్లే. అయినా ఆ మాట నాకు ఒంటబట్టలేదు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. జవాబు తప్పొస్తే ఏ మెట్టు దగ్గర తప్పిందో వెనక్కి వెళ్లి వెతకమని పిల్లలకి చెప్పేదాన్ని, నా మోకాలు నొప్పిపెడుతుంటే వెతక్కుండా ఎలా ఊరుకుంటాను?

బండి కొన్నది 2020లో, లాక్‌డౌన్ సడలించాక. ఆ ఏడాది సైకిళ్ల కోసం జనం ఎగబడ్డారు. జిమ్‌లు మూసి ఉన్నాయి, రోడ్లు ఖాళీగా ఉన్నాయి, ఒంట్లో ఊపిరి ఉందని నిరూపించుకోవాలన్న ఆరాటం అందరిలోనూ ఉంది. మన దగ్గరే కాదు, ప్రపంచమంతటా అదే పరిస్థితి. గేర్లు, చైన్లు, ఫ్రేములు దొరక్క కంపెనీలు చేతులెత్తేశాయి. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఆ ఎత్తు మనిషి రోడ్డు బైకులో 48, 49 సైజు ఫ్రేములు చూసుకోవాలి. నేను వెళ్లిన దుకాణంలో ఉన్నవాటిలో అన్నింటికంటే చిన్నది 52. "సీటు కిందికి దించితే సరిపోద్ది మేడమ్. చిన్న సైజు ఎప్పుడొస్తదో కంపెనీవాడికే తెలీదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఊళ్లో ఇంకెక్కడా అంతకంటే చిన్నది లేదు.

సీటు నిజంగానే దించాడు, కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనేంత కిందికి. "లేడీసుకి కాళ్లు అందాలి కదా" అని ఒక మాట. హ్యాండిల్ దూరమవుతోందని సీటుని పట్టాల మీద ముందుకు, ఇక జరగనంత ముందుకు నెట్టాడు. చూడ్డానికి బండి నాకు సరిపోయినట్టే కనిపించింది. నా నొప్పుల్లో చాలావరకు ఆ రెండు పనుల వల్లే మొదలయ్యాయని తర్వాత తెలిసింది.

రోడ్డు బైకు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకి ఆనించగలిగితే సీటు మరీ కింద ఉన్నట్టే. లెక్క ఇలా ఉంటుంది. పెడళ్ల ఇరుసు నేల నుంచి సుమారు 27 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఇరుసుకి పెడలుని కలిపే క్రాంకు పొడవు దాదాపు 17. అంటే కిందికి వచ్చిన పెడలు కూడా నేలకి 10 సెంటీమీటర్ల పైనే ఆగుతుంది. ఆ పెడలు దగ్గర కాలు దాదాపుగా సాగాలి, మోకాలి దగ్గర 30 డిగ్రీల అటూ ఇటూ చిన్న వంపు మాత్రం మిగలాలి. అలా పెట్టిన సీటు మీద కూర్చుంటే నేల అందదు. ఆగినప్పుడు సీటు దిగి, ముందున్న పై గొట్టానికి ఇటూ అటూ కాళ్లు వేసి నిలబడాలి. సీటు కింద ఉంటే మోకాలు పూర్తిగా విచ్చుకోదు, పైకి వచ్చినప్పుడు మరీ మడుచుకుంటుంది. మోకాలిచిప్ప తొడ ఎముకకి ఒత్తుకుపోతుంది. నిమిషానికి 80 తిప్పుళ్ల చొప్పున గంట తొక్కితే ఆ ఒత్తిడి ఒక్కో కాలికి 4,800 సార్లు. కాలేజీ తెరిచాక రెండో అంతస్తు నుంచి మెట్లు దిగుతుంటే చిప్ప వెనకాల సూదితో కెలికినట్టుండేది. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ.

సీటు పైకి లేపుదామని ఒక సాయంత్రం అలెన్ కీ తీసుకుని కూర్చున్నాను. క్లాంపు ఊడింది కానీ సీటు పోస్టు కదల్లేదు. తిప్పాను, లాగాను, పక్కింటి అబ్బాయి వచ్చి లాగాడు. ఇంచు కూడా కదల్లేదు. బండి తోసుకుంటూ అల్లిపురం వెళ్లాను.

అక్కడ ఒక సందు మొదట్లో చిన్న సైకిలు షాపు ఉంది. పాలవాళ్ల సైకిళ్లు, పేపరు కుర్రాళ్ల సైకిళ్లు, బడి పిల్లలవి బాగుచేసే బాబాయ్. అరవై దాటి ఉంటాయి. నా బండిని ఒంటిచేత్తో పైకెత్తి చూసి "దూదిపింజలాగుంది" అని మురిసిపోయాడు. తర్వాత సీటు గొట్టం దగ్గర వేలితో గీరాడు. గోటికి తెల్లటి పొడి వచ్చింది.

"ఉప్పు గాలమ్మా. ఈ ఊర్లో ఇనుమొక్కటే కాదు, అల్మీనీని కూడా తినేస్తది. లోపల గ్రీజు రాసినట్టు లేదు. సెమట, వానా, సముద్రం గాలి దిగిపోయి పట్టేసింది."

బలవంతంగా లాగలేదు. గొట్టానికీ పోస్టుకీ మధ్య నూనె పోసి, రాత్రంతా ఒగ్గేసి మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. పోస్టుకి చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, బయటి గొట్టం మీద వేడినీళ్లు కొద్దికొద్దిగా పోశాడు. బయటిది వేడికి వ్యాకోచిస్తుంది, లోపలిది చలికి ముడుచుకునే ఉంటుంది, రెంటి మధ్యా వెంట్రుకవాసి సందు దొరుకుతుంది. సీటు రెండు చేతులా పట్టుకుని మెలితిప్పాడు. కిర్రుమని ఒక చప్పుడు, పోస్టు తిరిగింది. ఎమెరీ కాగితంతో తెల్లపొడి అంతా తోమి, గ్రీజు పట్టించి మళ్లీ దింపాడు.

"ఎక్కండి. గోడ పట్టుకోండి. బూట్లు ఇప్పీండి. మడం పెడలు మీద పెట్టి కిందికి తొక్కండి. కాలు తిన్నగా అవ్వాల, నడుం వాలకూడదు." సీటు లేపుతూ, దింపుతూ, నా వెనక్కి వెళ్లి నడుం వాలుతోందేమో చూస్తూ ఒక చోట ఆపాడు. అక్కడ పోస్టు చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి "ఇదమ్మా మీ గుర్తు. ఎవరు కదిపినా ఇక్కడికే తెచ్చుకోండి" అన్నాడు. తీసుకున్నది చిన్న నోటు, దాని మీద కూడా చిల్లర వెనక్కి ఇవ్వబోయాడు.

మోకాలి నొప్పి తగ్గింది. ఒక్కరోజులో కాదు, కానీ ఆ నెల తిరిగేసరికి మెట్లు దిగుతూ దాని సంగతి మర్చిపోయాను. అయితే చేతుల తిమ్మిరి అప్పటికంటే పెరిగింది. సీటు పైకి వెళ్లింది, హ్యాండిల్ ఉన్నచోటే ఉంది. నేను మరింత ముందుకి ఒంగుతున్నాను, బరువంతా అరచేతుల మీద పడుతోంది. అరచేతిలో చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర ఒక సన్నటి దారి ఉంది, అందులోంచి అల్నార్ నరం వెళ్తుంది. హ్యాండిల్ అక్కడ గంటల తరబడి ఒత్తితే ఆ నరం చివరి రెండు వేళ్లనీ మొద్దుబార్చేస్తుంది. చాన్నాళ్లు పట్టించుకోకపోతే వేళ్ల పట్టే సడలిపోతుంది. జెల్ గ్లోవ్సు వేసుకున్నాను. హ్యాండిల్‌కి మందపాటి టేపు చుట్టించాను. కొద్ది ఉపశమనం, అంతే.

రెండో బాధ, ఇన్నాళ్లూ ఎక్కడా రాయనిది. సీటు ముందు భాగం ఒత్తుకుని తొడల మధ్య మంట, ఆ తర్వాత తిమ్మిరి. మూత్రానికి వెళ్తే భగ్గుమనేది. ఒకరోజు కొద్దిగా రక్తం కూడా చూశాను. ఇది ఎవరికి చెప్పుకోవాలి? నాతో తొక్కేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. దుకాణాల్లో ఉండేది మగపిల్లలు. "సీటు గుచ్చుకుంటోంది" అని మాత్రం చెప్పగలిగాను. దానికి ఒకాయన నాతో మాటైనా మాట్లాడకుండా బండి దగ్గరికి వెళ్లి సీటు ముక్కుని కిందికి వంచేశాడు. గుచ్చుకోవడం తగ్గింది. దాంతో ప్రతి గుంట దగ్గరా ముందుకి జారడం, చేతులతో తోసుకుని మళ్లీ వెనక్కి కూర్చోవడం. చేతులు ఇంకా పాడయ్యాయి.

మా చెల్లెలు తన నడుం నొప్పికి సిరిపురం దగ్గర ఒక ఫిజియోథెరపిస్టుకి చూపించుకునేది. నాకంటే పదిహేనేళ్లు చిన్నదైన అమ్మాయి, తనూ సైకిలు తొక్కుతుంది, సైకిళ్లవాళ్లకి కొలతలు చూసిపెడుతుందని చెల్లెలే చెప్పింది. బండి కారులో పడేసుకుని వెళ్లాను. ఆ అమ్మాయి ముందు బండి జోలికి పోలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కడెక్కడ నొప్పి, ఎంతసేపటికి మొదలవుతుంది, దిగాక ఎంతసేపు ఉంటుంది, అన్నీ రాసుకుంది. తర్వాత పెన్ను పక్కన పెట్టి తలుపు వేసి అడిగింది.

"కింద తిమ్మిరి ఉందా మేడమ్? మంట, పుండ్లు?"

నా జీవితంలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. ఆ ఒక్క ప్రశ్నకే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్నీ చెప్పాను. ఆమె తలూపుతూ రాసుకుంది. "ఇది ఓర్చుకోవాల్సింది కాదు మేడమ్. మీ శరీరంలో లోపం లేదు. సీటు మీది కాదు."

బండిని ట్రైనర్ మీద బిగించి నన్ను ఎక్కించింది. చీలమండ, మోకాలు, తుంటి, భుజం, మోచేయి, మణికట్టు మీద చిన్న గుండ్రటి స్టిక్కర్లు అంటించింది. పది నిమిషాలు ఊరికే తొక్కించి, ఒళ్లు సర్దుకున్నాక పక్కనించి ఫోనుతో వీడియో తీసింది. గోనియోమీటరు పెట్టి మోకాలి కోణం చూసింది. తర్వాత నన్ను దింపి, గోడకి ఆనించి, ఒక పుస్తకాన్ని కాళ్ల సందులో పైకి నొక్కి పట్టుకోమని, పుస్తకం అంచు నుంచి నేల దాకా టేపుతో కొలిచింది. 73 సెంటీమీటర్లు.

"0.883తో గుణించండి మేడమ్, లెక్కల టీచరు కదా." 64.5 వచ్చింది. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం అది. అమెరికా నుంచి వచ్చి టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ఈ సూత్రం ప్రచారంలోకి వచ్చింది. టేపు పెట్టి చూస్తే నల్ల టేపు ముక్క దగ్గర ఉన్న ఎత్తు 64.1. "ఎవరు పెట్టారు ఇది?" అంది. చెప్పాను. "ఆయన్ని వదులుకోకండి" అంది.

సూత్రాన్ని ఆమె నెత్తిన పెట్టుకోలేదు, అది నాకు చాలా నచ్చింది. బూటు అడుగు మందం, పాదం పొడవు, తొక్కేటప్పుడు మడమ ఎంత దించుతారన్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటాయని, లెక్క మొదలుపెట్టే చోటు చెబుతుందే గానీ ఆగే చోటు చెప్పదని అంది. నా సీటుని 64.1 దగ్గరే వదిలేసింది, మోకాలు హాయిగా ఉంది కాబట్టి.

అసలు సంగతి ఆ తర్వాత. "నొప్పి చేతుల్లో ఉంది గానీ కారణం చేతుల్లో లేదు" అంటూ వీడియో ఆపి చూపించింది. ముందుకి నెట్టిన సీటు మీద కూర్చుని, నేను నా పాదాల మీదికి, ఇంకా చెప్పాలంటే పాదాలు దాటి ముందుకి పడిపోతున్నాను. ఆ పడిపోవడాన్ని ఆపుతున్నవి నా అరచేతులు. "ముగ్గు వేసేటప్పుడు ఒంగుతాం కదా మేడమ్. నడుం వెనక్కి వెళ్తేనే చెయ్యి తేలిగ్గా ఆడుతుంది. నడుం ముందుకుంటే చెయ్యి నేలకి ఆనించాల్సి వస్తుంది." సీటుని వెనక్కి 15 మిల్లీమీటర్లు జరిపింది, ముక్కుని పైకెత్తి దాదాపు సమంగా చేసింది. "ఇప్పుడు తొక్కుతూ రెండు చేతులూ హ్యాండిల్ మీంచి కాస్త పైకి లేపండి."

లేపాను, ముందుకి పడలేదు. పొట్ట కండరాలు పట్టుకున్నాయి, చేతులు గాల్లో ఆగాయి. అప్పటిదాకా నా చేతులు బండిని నడుపుతున్నాయనుకున్నాను. అవి నన్ను మోస్తున్నాయని ఆ క్షణంలో అర్థమైంది.

సీటు వెనక్కి ఎంత జరపాలో చూడ్డానికి ఆమె ఒక దారానికి నట్టు కట్టి మోకాలిచిప్ప కింది నుంచి వేలాడదీసింది. పెడలు ముందుకి అడ్డంగా ఉన్నప్పుడు ఆ దారం పెడలు ఇరుసు మీదుగా పోవాలని పాత నియమం. గురుత్వాకర్షణకీ పెడలు తొక్కడానికీ సంబంధం ఏమిటని నేను అక్కడే అడిగాను. ఆమె కాస్త ఆలోచించి "అందరూ చూస్తారు, నేనూ చూస్తాను, కానీ చేతులు లేపే పరీక్షనే ఎక్కువ నమ్ముతాను" అంది. తర్వాత చదివితే తెలిసింది, బండ్ల తయారీలో పేరున్న కీత్ బోంట్రాగర్ ఈ నియమానికి ఆధారం లేదని ఎప్పుడో రాశాడట. వెల్లకిలా పడుకుని తొక్కే రికంబెంట్ సైకిళ్లలో మోకాలు పెడలుకి పైన ఉండనే ఉండదు, అయినా జనం చక్కగా తొక్కుతున్నారు కదా అన్నది ఆయన వాదన. నాకు ఆ వాదన సరైందే అనిపిస్తుంది. సీటు ముందుకా వెనక్కా అన్నది తేల్చేది ఒంటి తూకమే.

తర్వాత సీటు. గట్టి బల్ల మీద ముడతల అట్టముక్క వేసి దాని మీద నన్ను కూర్చోబెట్టి, ముందుకి ఒంగమంది. లేచాక అట్ట మీద రెండు గుంటలు. వాటి మధ్య 12.5 సెంటీమీటర్లు. మనం కూర్చున్నప్పుడు బరువు మోయాల్సినవి ఆ రెండు ఎముకలే. నా బండికి వచ్చిన సీటు వెడల్పు 13.5. అంటే నా ఎముకలు సీటు అంచుల మీద, గుండ్రంగా కిందికి దిగిపోయే చోట పడుతున్నాయి. అవి మోయలేని బరువు మధ్యలో మెత్తటి చోట పడుతోంది. నరాలు, రక్తనాళాలు ఉన్న చోట అది. దీనికి అందరూ చెప్పే మందు జెల్ కవరు. కానీ మెత్తటి దాంట్లో ఎముకలు దిగబడిపోతాయి, మధ్యలోది పైకి ఉబికి అక్కడే ఇంకా ఒత్తుతుంది. నాకు కావలసింది 15.5 వెడల్పున్న, మధ్యలో పొడుగ్గా కోసి ఖాళీ వదిలిన, ఒక మోస్తరు గట్టిగానే ఉండే సీటు. ఇంకో మాట కూడా ఆమే చెప్పింది, ఆడవాళ్లందరికీ ఎవరో ఒకరు చెప్పాల్సిన మాట. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోదుస్తుల కుట్టులే పుండ్లు చేస్తాయి.

సీటు రావడానికి కొంతకాలం పట్టింది. వచ్చాక మొదటిసారి రిషికొండ దాటి తొట్లకొండ మలుపు దాకా వెళ్లి, బండి దిగి, నిలబడి నన్ను నేను పరీక్షించుకున్నాను. మంట లేదు, తిమ్మిరి లేదు. కూర్చునే ఎముకల దగ్గర మాత్రం కాస్త నలిగినట్టుంది, అది రెండు వారాల్లో పోతుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. నిజంగా అలవాటయ్యే నొప్పి ఏదైనా ఉంటే అది ఒక్కటే. రోడ్డు మీద ఎవరూ లేరు. గట్టిగా నవ్వుకున్నాను.

మిగిలినవి త్వరత్వరగా జరిగాయి. సీటు వెనక్కి వెళ్లేసరికి హ్యాండిల్ దూరమైంది, హ్యాండిల్‌ని బండికి కలిపే 100 మిల్లీమీటర్ల స్టెమ్ తీసేసి 70ది పెట్టాం. హ్యాండిల్ వెడల్పు 42 సెంటీమీటర్లు, నా భుజాల కొలత 37. దాన్ని మార్చి 38ది వేశాం. మెడ దగ్గర, భుజం రెక్కల మధ్య ఉండే పోటు దాంతోనే తగ్గింది. బూట్ల కింద, పెడలుకి బిగిసే క్లీట్లు మార్చి, అటూ ఇటూ కలిపి 6 డిగ్రీలు కదలనిచ్చే పసుపు రంగువి వేశాం. అన్నింటికంటే చిన్న మార్పు బ్రేకు లివర్లది. నా వేళ్లకి అందేట్టు వాటిని హ్యాండిల్‌కి దగ్గరగా తెచ్చే చిన్న మర ఒకటి లివర్ లోపలే ఉంటుంది. అలెన్ కీతో నాలుగు తిప్పులు తిప్పితే సరి. అది తిప్పేదాకా నాకు దిగుళ్లంటే భయం. కింది వంపు పట్టుకుంటే బ్రేకు అందేది కాదు, పైన పట్టుకుంటే పట్టు చాలేది కాదు. నాకు ధైర్యం తక్కువని నలుగురూ అనుకున్నారు, చివరికి నేనూ అలాగే అనుకున్నాను. ధైర్యానికీ దానికీ సంబంధం లేదు, నా వేళ్లు పొట్టివి, అంతే.

టైర్ల సంగతి చెప్పకపోతే మిగిలినవన్నీ సగమే. 25 మిల్లీమీటర్ల టైర్లలో 110 పౌండ్ల గాలి కొట్టించుకుని తిరిగేదాన్ని, టైరు పక్కన రాసి ఉంది కదా అని. అక్కడ రాసేది దాటకూడని హద్దు. నా బరువు 55 కిలోలు. 28 టైర్లు వేసి 65 పౌండ్లకి దించాక బీచ్ రోడ్డు కొత్తగా వేసినట్టనిపించింది. వేగం తగ్గలేదు.

స్టెమ్, హ్యాండిల్ అల్లిపురం బాబాయ్ చేతే మార్పించాను. ఆ రోజు నా జేబులో అలెన్ కీ చూసి "ఎందుకమ్మా ఇది ఎప్పుడూ?" అన్నాడు. ఎడీ మెర్క్స్ గురించి చెప్పాను. బెల్జియం మనిషి, టూర్ ద ఫ్రాన్స్ ఐదుసార్లు గెలిచాడు. 1969లో మొదటిసారి గెలిచిన కొద్ది వారాలకే బ్లువా అనే ఊళ్లో ట్రాకు మీద పెద్ద ప్రమాదం. ముందు మోటారు బండి మీద దారి చూపిస్తున్న మనిషి అక్కడికక్కడే పోయాడు. మెర్క్స్‌కి తలకి దెబ్బ, వెన్నుపూస చిట్లింది, కటి ఎముక వంకరపోయింది. ఆ తర్వాత మిగతా నాలుగుసార్లూ ఆ ఒంటితోనే గెలిచాడు. కానీ కూర్చుంటే ఎప్పుడూ ఏదో తేడా. పందెంలో ఉండగానే కీ తీసి సీటు ఎత్తుని సవరించుకునేవాడట.

బాబాయ్ పానా కింద పెట్టి వింటున్నాడు. "అంతటోడికీ నొప్పేనా అమ్మా" అన్నాడు. కాసేపాగి, "మరి పేపరు కుర్రాళ్లు నా కాడికొచ్చి ఈడ నొప్పి, ఆడ నొప్పి అంటే నవ్వేవోణ్ని కాదు నేనెప్పుడూ. సీటు సూసేవోణ్ని" అన్నాడు.

భీమిలిలో తిరుగుదారి పట్టే ముందు మేమంతా ఒక టీ కొట్టు దగ్గర ఆగుతాం. ఒక ఆదివారం అక్కడ కొత్తగా వచ్చిన అమ్మాయి మణికట్లు విదిలించుకుంటోంది. ఒకాయన "అలవాటైపోతుందమ్మా" అన్నాడు. నేను టీ గ్లాసు పెట్టేసి, అవదని చెప్పాను. చేతులు ఎందుకు మొద్దుబారుతాయో, సీటు వంగితే ఏమవుతుందో, మధ్యలో తిమ్మిరి ఎందుకొస్తుందో అందరి ముందూ, దాచకుండా చెప్పాను. పదిమంది మగవాళ్లు టీ గ్లాసుల్లోకి చూస్తూ నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. బయల్దేరేటప్పుడు మాలో పెద్దాయన, నేవీలో చేసి రిటైరైనవారు, నా పక్కన బండి నిలిపి మెల్లగా అడిగారు. "ఆ సిరిపురం అమ్మాయి ఫోను నంబరు ఇస్తారా? నాకూ ఎన్నేళ్లుగానో ఉంది. గంట దాటితే స్పర్శ తెలీదు. వయసు వల్లేమో అనుకున్నాను." మగవాళ్లకి అది ఇంకా పెద్ద సంగతని, నరం ఒత్తుకుపోతే దాని ఫలితం సైకిలు దగ్గర ఆగదని ఆ అమ్మాయి నాకు చెప్పి ఉంది. నంబరు ఇచ్చాను. ఆ తర్వాత ఆయన సీటూ మారింది.

నా మొదటి 200 కిలోమీటర్ల బ్రెవే శ్రీకాకుళం వైపు. పారిస్‌లోని ఒక పాత క్లబ్బు నియమాల ప్రకారం ప్రపంచమంతటా ఒకేలా జరిగే ప్రయాణం ఇది. ఇందులో గెలుపోటములుండవు, 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తిచేయాలి. చీకటితో మధురవాడ దాటాం. ఆనందపురం, తగరపువలస, భోగాపురం. రణస్థలం దగ్గర ఎండ మొదలైంది, ఎదురుగాలి లేచింది. లారీల మధ్య, హైవే అంచున, తల వంచుకుని తొక్కాను. 100 దాటాక ప్రతి అరగంటకీ నన్ను నేను ప్రశ్నించుకుంటూ వచ్చాను. వేళ్లు? కదులుతున్నాయి. మోకాళ్లు? ఉన్నాయి. కింద? బాగుంది. కాళ్లల్లో అలసట వచ్చింది, ఆకలి వచ్చింది, గొంతు ఎండింది. కష్టపడితే రావాల్సినవి అవే. వాటిని భరించడానికి నాకు అభ్యంతరం లేదు. గడువుకి చాలా ముందే విశాఖ చేరాను. మర్నాడు క్లాసులో బోర్డు మీద వృత్త సమీకరణాలు రాస్తుంటే నా చేతిరాత నా చేతిరాతలాగే ఉంది.

అయితే 160 దాటాక ఒక కొత్త సంగతి బయటపడింది. కుడి తుంటి ముందు వైపు, పెడలు పైకి వచ్చినప్పుడల్లా, గజ్జల దగ్గర చిన్న పట్టు. ఆ అమ్మాయి వీడియో మళ్లీ తీసి చూసింది. నా బండికి వచ్చిన క్రాంకు 172.5 మిల్లీమీటర్లు. నా కాళ్ల పొడవుకి అది ఎక్కువ. పెడలు పైకి వచ్చినప్పుడు తొడ పొట్టకి తగిలేంత పైకి లేస్తోంది, తుంటి అక్కడ ఇరుక్కుంటోంది. 165 వేస్తే అడుగున కాలు పాత కొలతకి రావడానికి సీటు 7.5 మిల్లీమీటర్లు పైకి లేపాలి. పైన పాదం సీటుతో పోలిస్తే 15 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తుకి వస్తుంది. తుంటికి ఆ చోటు దొరికితే చాలునని ఆమె నమ్మకం. లెక్క నేనూ వేసి చూశాను, సరిగ్గానే ఉంది.

క్రాంకు నిన్న వచ్చింది. శనివారం అల్లిపురం తీసుకెళ్తున్నాను. సీటు పైకి లేపాలి కాబట్టి ఆ నల్ల టేపు తీసి కొత్త చోట అంటించాలని బాబాయ్‌కి ఫోన్లో చెప్పాను. ఎంత పైకి అని అడిగాడు. ఏడున్నర మిల్లీమీటర్లు అన్నాను. "మడం పెట్టి సూద్దాంలెండమ్మా" అన్నాడు.